తలుపుల మేస్త్రి చదివిన దెయ్యాల మేడ

ఆయన్ని అందరూ తలుపుల మేస్త్రి అనేవారు. మంచాలు, బల్లలు చేయమంటే వేరేవాళ్ళని చూసుకోమనేవాడు. తలుపులు, కిటికీలు, వాటి ద్వారబంధాలు, ముప్పై నాలుగేళ్ళుగా అంతే పని. తలుపు మీద అరచెయ్యి ఆనించి ఒకసారి నెట్టి చూస్తే చాలు, ఎక్కడ పట్టేస్తోందో చెప్పేవాడు. చదువు మాత్రం అంతంతమాత్రం. అంకెలు, కొలతలు, దుకాణాల బోర్డులు వరకూ వచ్చు. ఆ ఇంట్లో పుస్తకాలన్నీ భార్యవే.

ఆవిడకి భయపెట్టే నవలలంటే ప్రాణం. వాటిలో ఒకటి మరీ పాతది, అట్ట ఊడిపోతే రెండుసార్లు కుట్టించింది. గుట్ట మీద ఒక పెద్ద మేడ, అందులోకి కాపురానికి వచ్చిన కుటుంబం, వాళ్ళని ఒక్కొక్కరినే పిచ్చివాళ్ళని చేసే ఆ ఇల్లు. నాలుగుసార్లు చదివినా ఆవిడకి తనివి తీరలేదు. ఇంతలో షుగరు జబ్బు కళ్ళ మీదికి వచ్చింది. మనుషులు నీడల్లా తెలిసేవారు గానీ అక్షరాలు అసలు కనిపించేవి కావు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పుస్తకం తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది.

"చదువు."

"నాకేం చదువొచ్చని?"

"కూడబలుక్కుని చదువు. మనకేం రైలు వెళ్ళిపోవట్లేదు."

అలా మొదలైంది. రోజుకి పేజీ, మహా అయితే పేజీన్నర. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం పలికేవాడు. పుస్తకంలో ఇల్లాలు మేడ మెట్లెక్కి మూసిన తలుపు దగ్గర చెవి పెట్టి వింటుంది. 'లోపల' అని ఆగి, తర్వాతి మాట కోసం మేస్త్రి తడుముకుంటూ ఉంటే ఆవిడకి వెన్నులో చలి పుట్టేది.

"లోపల ఏముందో చెప్పి చావు" అనేది ఆవిడ.

"నాలుగుసార్లు చదివావు కదే, నీకు తెలీదా?"

"తెలుసు. అయినా నువ్వు ఆగితే నా గుండె కూడా ఆగుతోంది."

మొదట్లో మేస్త్రికి కథ వేళాకోళంగానే ఉండేది. మేడ మీది గది తలుపు ఎన్నిసార్లు మూసినా తెరుచుకుంటుందని చదివి నవ్వాడు. "దెయ్యమూ లేదు, పాడూ లేదు. పై మడతబందు వదులైంది. నన్ను పిలిస్తే అరగంట పని." కానీ చదివే కొద్దీ నవ్వు తగ్గింది. ఆ ఇంట్లో అన్నీ చిన్న చిన్నవిగానే జరిగాయి. గోడ మీద వెంట్రుకంత బీట. బల్ల మీద పెట్టిన గ్లాసు తనంతట తాను పక్కకి జరగడం. ఒక్కొక్కరు ఒక్కోటి చూశారు. ఎవరికి వాళ్ళు తమకే మతి చెడిందనుకుని నోరు మూసుకున్నారు. తలుపు పట్టేస్తే పనివాణ్ణి తిట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేస్త్రికి కుట్టు కేంద్రం నుంచి మళ్ళీ కబురొచ్చింది. మూడంతస్తుల భవనంలో నడి అంతస్తు అది, పై అంతస్తు ఖాళీ. ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు బడిపిల్లల చొక్కాలు, లాగూలు కుట్టేవారు. కింది అంతస్తులో భవనం యజమాని కొత్త దుకాణం కట్టిస్తున్నాడు. పది రోజుల కిందటే మేస్త్రి అక్కడి తలుపులకి చిత్రిక పట్టి వచ్చాడు. ఇప్పుడవి మళ్ళీ పట్టేస్తున్నాయట.

"ఏం పని చేశావు మేస్త్రీ? మెట్ల దగ్గర తలుపు ఇద్దరు లాగితే గానీ రావట్లేదు" అంది సూపర్వైజరమ్మ, అందరూ వినేలా.

మేస్త్రి మొహం మాడిపోయింది. ముప్పై నాలుగేళ్ళలో ఆయన పనిని ఎవరూ అలా అనలేదు. మళ్ళీ చిత్రిక పట్టాడు. ఎనిమిదో రోజుకి మళ్ళీ కబురు.

ఆ మధ్యాహ్నం పుస్తకం తెరిచాడు గానీ కన్ను వాక్యం మీద నిలవలేదు. సంగతి చెప్పాడు. భార్య అంది:

"ఈ పుస్తకంలో కూడా అందరూ ముందు తలుపునే తిట్టారు."

మేస్త్రి పుస్తకం మూసి రసమట్టం, గుండు కట్టిన దారం సంచిలో వేసుకుని బయల్దేరాడు.

మెట్ల దగ్గరి ద్వారబంధం పక్కన దారం వేలాడదీశాడు. గుండు నిలకడగా నిలబడింది. పక్కన ద్వారబంధం నిలబడలేదు. పైన వేలెడు ఒరిగి ఉంది. తాను బిగించిన నాడు అది గీత గీసినట్టు నిటారుగా ఉందని ఆయనకి బాగా గుర్తు. తర్వాత రెండో తలుపు, మూడో తలుపు చూశాడు. అన్నీ ఒకే వైపుకి, వీధి వైపుకి, ఒరుగుతున్నాయి. కుట్టు మిషన్లు టకటకా నడుస్తూనే ఉన్నాయి. ఒకామె దారపు ఉండ జారి నేల మీద పడితే, అది ఆగకుండా దొర్లుకుంటూ వీధి వైపు గోడ దాకా వెళ్ళింది. ఆమె విసుక్కుంటూ లేచి తెచ్చుకుంది. అది కొత్తేమీ కాదన్నట్టు ఎవరూ తల కూడా ఎత్తలేదు.

మేస్త్రి దారం చుట్టి సంచిలో వేసుకున్నాడు. కిందికి దిగాడు. దుకాణం ముందు గోనె పరదా కట్టి ఉంది. తొలగించి చూస్తే, నడిమధ్య ఉండాల్సిన మందపాటి గోడ లేదు. దాని చోట రెండు ఇనుప గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి.

యజమాని అక్కడే ఉన్నాడు. మేస్త్రి చెప్పిందంతా విని, "ఇంజనీరు చూశాడు. తలుపులు చేసేవాడివి తలుపులు చూసుకో" అన్నాడు.

పైకొచ్చి సూపర్వైజరమ్మకి చెప్పాడు. ఆమె కంగారు పడేదేమో గానీ, సామాన్ల గది గుమస్తా మధ్యలో అందుకున్నాడు. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుందని అతన్ని తాళాల బావ అనేవారు. చుట్టరికం లేకపోయినా మేస్త్రీ అతనూ ఇరవయ్యేళ్ళుగా బావా అంటే బావా అనుకునేవారు. పుస్తకం సంగతి మేస్త్రే స్వయంగా అతనికి చెప్పి ఉన్నాడు.

"మా బావ ఈ మధ్య దెయ్యాల నవల చదువుతున్నాడమ్మా. బుర్రలోకి మేడ దిగింది."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా ఏదో నవ్వాననిపించాడు. నిజంగానే పుస్తకమే తనని ఆడిస్తోందేమోనని ఆ క్షణంలో అనుమానం వచ్చింది. అయినా చెయ్యి ఊరుకోలేదు. ఇంకెవరు నమ్మినా నమ్మకపోయినా, తలుపులు తన చేతిలో పని.

"ఇవి ఇక్కడ సరికావు. రెక్కలు విప్పి ఇంటికి తీసుకెళ్ళి చేసుకొస్తా" అన్నాడు.

మెట్ల తలుపు, హాలు తలుపు, మొహం కడుక్కునే గది తలుపు, మూడూ మడతబందులతో సహా ఊడదీశాడు. సామాన్ల గది దగ్గరికి వచ్చేసరికి తాళాల బావ అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది మాత్రం ముట్టుకోకు. గుడ్డ పోతే నా మెడకి చుట్టుకుంటుంది."

"రెండ్రోజులే బావా."

"రెండ్రోజులు నేను ఇక్కడ కాపలా పడుకోనా? వెళ్ళు."

మేస్త్రి వెళ్ళిపోయాడు. రెండు రోజులన్నవాడు ఐదు రోజులైనా తలుపులు తేలేదు. రంగు ఆరలేదని ఒకసారి, నడుము నొప్పని ఒకసారి అబద్ధాలాడాడు. ఆరో రోజు పొద్దున సూపర్వైజరమ్మ గట్టిగా కబురు పెట్టింది. చేసేది లేక సంచి తగిలించుకుని ఉత్త చేతులతో వెళ్ళాడు.

పదకొండు కావస్తోంది. ఖాళీ గుమ్మంలో నిలబడి ఆమె చేత చివాట్లు తింటున్నాడు. మాట మధ్యలో ఆమె భుజం మీద సున్నం పొడి రాలింది. దులుపుకుంది. మళ్ళీ రాలింది. మేస్త్రి తల ఎత్తి చూశాడు. ద్వారబంధం పైచెక్క మెల్లగా, నూలుపోగులు తెగుతున్న చప్పుడుతో, అడ్డంగా చీలుతోంది.

"దిగండి. అందరూ దిగండి. మిషన్లు వదిలెయ్యండి" అన్నాడు. కేకలా రాలేదు. సూపర్వైజరమ్మ ఆయన మొహం చూసి ఇంకేమీ అడగలేదు. ఆమే కేక పెట్టింది.

ఆడవాళ్ళు దిగడం మొదలుపెట్టారు. గుమ్మం వాళ్ళ కళ్ళ ముందే ఒంకర తిరుగుతోంది. రెక్క ఉండి ఉంటే అది ఏనుగు లాగినా వచ్చేది కాదు. చివరి ఆమె వంగి దూరాల్సి వచ్చింది.

మేస్త్రి అప్పటికే సామాన్ల గది దగ్గర ఉన్నాడు. తలుపు మూసి ఉంది, లోపలి నుంచి గుద్దుతున్న చప్పుడు.

"బావా, రావట్లేదు."

"నువ్వు వెనక్కి జరుగు. బందులు కొడుతున్నా."

ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. పై బందు ఊడింది. కింది బందు ద్వారబంధం బరువుకి నలిగిపోయి ఉంది, ఉలి మొన విరిగింది. వేళ్ళతో పీకాడు. కాళ్ళ కింద నేల ఒక మెట్టు దిగినట్టు దిగింది. సూపర్వైజరమ్మ వెనక్కి వచ్చి ఆయన చొక్కా పట్టి మెట్ల మీదికి ఈడ్చింది. వీధిలోకి వచ్చి పడ్డాక వెనక ఏం కూలిందో ఆయన చూడలేదు. దుమ్ము ఒక్కటే కనిపించింది.

తాళాల బావని సాయంత్రానికి బయటికి తీశారు. ప్రాణం ఉంది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. మిగతావాళ్ళలో ఎవరికీ చిన్న దెబ్బలు తప్ప తగలలేదు. యజమానిని పట్టుకెళ్ళారు. విచారణకి వచ్చిన అధికారులు తలుపులు ఎందుకు ఊడదీశావని అడిగితే, మేస్త్రి గుండు కట్టిన దారం సంగతి చెప్పాడు. పుస్తకం మాట ఎత్తలేదు.

ఆ ఇరవై ఆరుగురూ ఆయన్ని చూస్తే చేతులు పట్టుకునేవారు. ఆయన చేతులు వెనక్కి తీసుకునేవాడు. ఇంట్లో పుస్తకం ఆఖరి అధ్యాయం అలాగే మిగిలిపోయింది. భార్య అడగలేదు.

మూడో వారం ఆసుపత్రికి వెళ్ళాడు. తాళాల బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గోడనే చూస్తూ అడిగాడు.

"అంత తెలిసినవాడివి నన్ను నాలుగు తన్ని ఆ తలుపు పీకలేకపోయావా?"

మేస్త్రి ఆ ప్రశ్న రోజూ తనని తానే అడుగుతున్నాడు. దాచుకోలేదు.

"నాకే పూర్తిగా నమ్మకం లేదు బావా. సగం ఆ నవల వల్లే అనుకున్నా. నువ్వు నవ్వావని నేనూ నవ్వా."

తాళాల బావ గోడ వైపే తిరిగి ఉన్నాడు. పొమ్మని మాత్రం అనలేదు. నర్సు వచ్చి వేళ అయిపోయిందని చెప్పేదాకా మేస్త్రి ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు.