మా కుక్కపిల్ల దిద్దిన పేపర్లు

నేను ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. సెలవుల్లో ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు పెడితే మాట్లాడడానికి నన్నే పిలుస్తారు. బెత్తం పట్టకుండా పిల్లలను దారికి తేవడం ఎలా అన్నది నా అంశం. మైకు ముందు నిలబడితే గంటన్నర దాకా నీళ్లు కూడా అడగను. అలాంటివాడికి రెండు నెలల కుక్కపిల్లకు ఉచ్చ ఎక్కడ పోయాలో నేర్పడం ఒక పనా అనుకున్నాను.

కుక్కపిల్ల కావాలని మా అమ్మాయి మూడేళ్లుగా అడుగుతోంది. మా ఆవిడ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె ఒప్పుకోలేదు.

“ఆడ పొద్దున్నించీ ఎత్తిపోసేది చాల్దని, ఇంటికొచ్చి గూడా అదే పనా నాకు?” అంది.

“నువ్వు చెయ్యి పెట్టే పనే ఉండదు. అంతా నేను చూసుకుంటా. శిక్షణ అంటే ఏమనుకున్నావ్?” అన్నాను.

ఆపరేషన్ అయిన మరుసటి రోజే మంచం దిగి నడుస్తానని మొండికేసే పేషెంటును చూసినట్టు నన్ను చూసి, బట్టలు మడతపెట్టుకోసాగింది. దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నాను.

నెల రోజులు సిద్ధమయ్యాను. ఫోన్లో వీడియోలు చూస్తూ రెండు వందల పేజీల నోటు పుస్తకంలో సగం నింపాను. నంద్యాల బజారంతా తిరిగి మెడపట్టీ, గొలుసు, రబ్బరు ఎముక, మెత్తటి పరుపు కొన్నాను. వైర్లన్నీ పైకి కట్టాను. చెప్పుల స్టాండును గోడకు ఎత్తులో బిగించడంతో మా ఆవిడ చెప్పుల కోసం రోజూ స్టూలు ఎక్కాల్సి వచ్చేది. కుక్కపిల్ల దినచర్య అని చార్టు రాసి ఫ్రిజ్‌కు అంటించాను. అందులో విసర్జనకు ఆరు వేళలు, ఆటకు మూడు వేళలు, ‘స్వీయ చింతన’కు మధ్యాహ్నం ఒక గంట కేటాయించాను.

చివరగా కుటుంబ సమావేశం పెట్టాను. కుక్కపిల్లతో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడాలన్నాను. వీడియోల్లో అందరూ అలాగే చెప్పారు మరి.

మా అమ్మాయి చెయ్యి ఎత్తింది. “నాయనా, మాతృభాషలో చెప్తేనే బేగ అర్థమైతాదని మీటింగుల్లో నువ్వే కదా చెప్తాండావ్?”

“అది పిల్లలకు.”

“ఇదీ పిల్లే కదా. కుక్కపిల్ల.”

సమావేశం అక్కడితో ముగిసిందని ప్రకటించాను. పేరు సంగతి మాత్రం తేలలేదు. నేను నాలుగక్షరాల సంస్కృతం పేరు పెడదామన్నాను. అమ్మాయి విదేశీ పేరు చెప్పింది. మా ఆవిడ ‘ఏయ్’ చాలంది. ముగ్గురమూ పట్టు వదల్లేదు కాబట్టి దానికి ఇప్పటికీ ఖాయమైన పేరు లేదు.

మా అత్తగారిది ఆళ్లగడ్డ. ఆమె ఇంటి పక్కనే ఒక శిల్పి తన పనివాళ్లతో విగ్రహాలు చెక్కిస్తుంటాడు. అతని దగ్గర కుక్క ఈనిందని తెలిసి ఫోన్ చేస్తే, “పాల మాదిరి తెల్లగుండాది సార్. మంచి జాతి” అన్నాడు. ఆదివారం చర్చి అయిపోయాక అమ్మాయిని వెంటబెట్టుకుని బస్సెక్కాను.

వెళ్లేసరికి రాళ్లు కోసే మిషన్లు పనిచేస్తున్నాయి. ఎటు చూసినా సగం చెక్కిన నందులు, రెక్కలు రాని గరుత్మంతులు. ఒక మూల ఎవరో నాయకుడి నిలువెత్తు విగ్రహం. పంచె మడతలు, చేతి గడియారం అన్నీ కుదిరాయి గాని తల ఇంకా బండరాయిగానే ఉంది.

“ఇది ఎవరిది?” అని అడిగాను.

“తల కాడ ఆపినాం సార్. ఎవురిదో చేయించేవాల్లకే ఇంగా తేల్లే” అన్నాడు శిల్పి.

ఒక నంది పొట్ట కింద కుక్కపిల్ల నిద్రపోతోంది. నిజంగానే పాలలా ఉంది. మా అమ్మాయి అప్పటికే దాన్ని ఒళ్లోకి తీసుకుంది. అయినా నేను నోటు పుస్తకం తెరిచి, “దీని తండ్రి ఏ జాతి?” అని అడిగాను.

శిల్పి ఉలి కింద పెట్టాడు. “తల్లిని సూడు సార్, ఎంత బాగుండాదో. నాయన సంగతి మనకెందుకు? బల్లో పిల్లోల్లను చేర్చుకునేటప్పుడు అట్లనే అడుగుతావా?”

నోటు పుస్తకం మూసేశాను.

తిరుగు ప్రయాణంలో దాన్ని వెదురు బుట్టలో పెట్టి ఒళ్లో ఉంచుకున్నాను. శిరివెళ్ల దాటకముందే నా ప్యాంటు వెచ్చగా తడిసింది. పక్క సీటాయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు. మా అమ్మాయి ఫోన్లో గడియారం చూసి, “చార్టు ప్రకారమైతే ఇది టైం కాదు నాయనా” అంది.

ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించాను. మొదటి చెంబుకు తూము గుండా తెల్లటి నీళ్లు పారాయి. రెండో చెంబుకు వీపు మట్టిరంగులోకి వచ్చింది. మూడో చెంబుకు మూతి నల్లబడింది. ఒక చెవి ఒక రంగు, ఇంకో చెవి ఇంకో రంగు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆవిడ, “ఇంగ ఆపండి సామీ. ఇంకో చెంబు పోస్తే కుక్క గూడా మిగిలేట్టు లేదు” అంది.

శిల్పికి ఫోన్ చేసి నిలదీశాను.

“అది రాతిపొడి సార్” అన్నాడు తాపీగా. “నేనూ తెల్లగానే ఉంటా, సాయంత్రం నీళ్లు పోసుకునేదాకా.”

శిక్షణ మర్నాడే మొదలైంది. రోజూ అరగంట సేపు ‘సిట్’ అని నేను కూర్చుని చూపించేవాణ్ని. అది తల పక్కకు వంచి శ్రద్ధగా చూసేది. వారం తిరిగేసరికి కూర్చోవడం నాకు బాగా వచ్చింది, లేవడమే కష్టమైంది. తర్వాత బిస్కెట్ల పద్ధతి పట్టుకున్నాను. సరైన చోట పోస్తే వెంటనే బిస్కెట్. కుక్కపిల్ల రెండు రోజుల్లో ఆ లెక్క కనిపెట్టింది. ఉన్నదంతా ఒకేసారి పోస్తే ఒకటే బిస్కెట్. నాలుగు చుక్కల చొప్పున దాచుకుని పోస్తే గంటకు మూడు. మా ఇంట్లో పొదుపు తెలిసిన మొదటి ప్రాణి అదేనని మా ఆవిడ మెచ్చుకుంది.

ఇంతకూ సరైన చోటంటే వరండా మూలన పరిచిన దినపత్రిక. తిన్న ప్రతిసారీ ఎత్తుకెళ్లి దాని మీద నిలబెట్టేవాణ్ని. పది రోజులకు విజయం దక్కింది. కాగితం కనిపిస్తే చాలు, దానంతటదే వెళ్లి పని కానిచ్చేది. ఫొటోలు తీసి ఉపాధ్యాయుల గ్రూపులో పెట్టాను. చప్పట్లు, దండాలు, పూలగుత్తులు వచ్చిపడ్డాయి. ఆ శనివారం నంద్యాలలోనే శిక్షణ తరగతి ఉంటే, నా ప్రసంగంలో ఇరవై నిమిషాలు కుక్కపిల్లకే ఇచ్చాను. “కాగితం చూడగానే దానికి కర్తవ్యం గుర్తుకొస్తుంది” అన్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. వెలుగోడు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఆ వాక్యాన్ని రాసుకోవడం కళ్లారా చూశాను.

ఆ వాక్యం నిజమని మంగళవారం తేలింది.

తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లు నలభై మూడు దిద్ది, మార్కులు ఎక్కించడానికి హాల్లో నేల మీద నంబర్ల వరుసలో పరిచాను. ఇంతలో ఫోన్ మోగింది. మాట సరిగా వినపడక మిద్దె మీదికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కుక్కపిల్ల ఆ వరుసల మధ్య నడుస్తోంది. ఒక పేపరు వాసన చూడడం, నాలుగు చుక్కలు పోయడం, తర్వాతి దానికి వెళ్లడం. పదకొండు పేపర్లు పూర్తి చేసింది. ఒక్క చుక్క బండల మీద పడలేదు. పని ముగించుకుని నా దగ్గరికొచ్చి, ఎవరూ చెప్పకుండానే చక్కగా కూర్చుని, నా చేతివైపు చూసింది.

నా అరుపు విని లోపలి నుంచి వచ్చిన అమ్మాయి సంగతంతా ఒక్క చూపులో గ్రహించింది.

“బిస్కెట్ ఇయ్యాల కదా నాయనా. చెప్పినట్టు చేసినా ఇయ్యకపోతే దాని మనసు చెడిపోతాదని నువ్వే రాసినావ్.”

ఇచ్చాను.

డ్యూటీ నుంచి మా ఆవిడ వచ్చింది. గ్లవ్స్ తొడుక్కుని పేపర్లన్నీ మిద్దె మీద బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరవేసింది. నేను పెట్టిన ఎర్ర సిరా మార్కులన్నీ అలుక్కుపోయి గులాబీ పూలలా విచ్చుకున్నాయి. ఆరాక ఇస్త్రీ చేశాం. ఆ వేడికి వాసన రెట్టింపైంది. ముఖానికి పూసుకునే పౌడరు చల్లాం. అప్పుడు రెండు వాసనలయ్యాయి.

నా దిగులు వాసన గురించి మాత్రమే కాదు. అదే తరగతిలో ఒక అమ్మాయి జూన్‌లో నోటు పుస్తకం తేకుండా వచ్చి, బర్రె తినేసిందని చెప్పింది. “అయితే ఈసారి పరీక్షకు బర్రెనే పంపు. నీకంటే దానికే ఎక్కువ తెలుగు వచ్చుంటుంది” అన్నాను. తరగతి విరగబడి నవ్వింది. ఆ రోజు నేను చాలా చమత్కారంగా మాట్లాడానని ఇంటికొచ్చి చెప్పుకున్నాను కూడా.

పేపర్లు ఇచ్చే రోజు ఒక అబద్ధం తయారు చేసుకుని వెళ్లాను. మిద్దె కారి వాన నీళ్లు పడ్డాయని చెప్పాలనుకున్నాను. మంచి పేపర్లు ముందు పంచి, ఆ పదకొండూ చివర్లో ఇచ్చాను. ముందు బెంచీలో గుసగుస మొదలైంది.

“సార్, ఇదేందీ వాసన?”

“వాన...” అని మొదలుపెట్టి కిటికీ బయటికి చూశాను. రెండు నెలలుగా చినుకు లేదు. గేటు దగ్గర మట్టి పగిలి ఉంది. ఇక నా నోట అబద్ధం రాలేదు.

“మా ఇంట్లో కుక్కపిల్ల ఉంది. అది పోసింది” అన్నాను.

దాంతో లేచిన నవ్వులకు పక్క గదిలోని సైన్సు మేడం తొంగిచూసి వెళ్లింది. నవ్వనిది ఆ అమ్మాయి ఒక్కతే. నవ్వులు తగ్గేదాకా ఆగి లేచి నిలబడింది.

“సార్, మా బర్రె నోటుబుక్కు తిన్యాదంటే నమ్మకపోతిరే?”

“నిజంగానే తినిందా?”

“నిజంగానే సార్. అట్ట గూడా మిగల్చల్యా.”

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. ఆ మాట మళ్లీ చెప్పడానికి ఆరు నెలలు ఆగింది. ఇరవై రెండేళ్లలో ఇలా కట్టుకథ అని కొట్టిపారేసినవి ఎన్ని ఉంటాయో అనిపించింది.

“తప్పు నాదేమ్మా” అన్నాను తరగతి అందరి ముందూ.

“సరే సార్” అని కూర్చుంది.

మర్నాడు ఒక తండ్రి ఉయ్యాలవాడ నుంచి పనిగట్టుకుని బడికి వచ్చాడు. హెచ్.ఎం. మేడం గదిలో పేపరు బల్ల మీద పెట్టి, “కుక్క పోసిన పేపరుకు మార్కులు తగ్గిస్తారా? ఇదేం న్యాయమప్పా?” అని గట్టిగా అడిగాడు. మేడం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నావైపు చూసింది. నేను ఆయన పక్కనే కూర్చుని, కొడుకు రాసిన జవాబులు ఒక్కొక్కటే చదివి వినిపించాను. మూడో జవాబు దగ్గర ఆయన నన్ను ఆపాడు.

“ఇంగ చాలు సార్. కుక్క తప్పేం లేదు. వీడు రాసింది సూసే పోసుంటాది” అని లేచి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం కళ్ల పరీక్ష కోసం మా అత్త ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. వరండాలో పరిచిన కాగితాలు చూసి, “ఇదేంది నాయనా?” అంది. శిక్షణ గురించి వివరించాను. ఆమె ఓపికగా విని, “అంటే ఇంట్లోనే పొయ్యమని నేర్పినారు. చదువుకున్నోల్లు” అని కొంగు దోపుకుని కాగితాలన్నీ ఎత్తి పొయ్యిలోకి దాచింది.

మర్నాడు తెల్లవారుతుండగానే పెరటి తలుపు తీసి “దా” అంది. కుక్కపిల్ల వెళ్లింది. అత్త నిమ్మచెట్టు పక్కన ప్రార్థన చేసుకుంటూ నిలబడింది. అది కాళ్లు సర్దుకుని పని ముగించింది. “దా” అంది. అది లోపలికొచ్చింది. బిస్కెట్ లేదు. తిన్నాక ఒకసారి, నిద్రలేచాక ఒకసారి, అంతే. తొమ్మిదో రోజుకు అదే వెళ్లి తలుపును గోకడం మొదలుపెట్టింది.

రహస్యమేమిటని అడిగాను, నోటు పుస్తకం దగ్గర పెట్టుకునే.

“బయట పొయ్యాలంటే తలుపు తియ్యాల నాయనా. మీరు తియ్యకపోతిరి” అంది. నాకు అందులో రాసుకునేంత ఏమీ దొరకలేదు.

అత్త నెలాఖరుకు వెళ్లిపోయింది. ఆ మరుసటి తెల్లవారుజామున నా మంచం పట్టె మీద కుక్కపిల్ల కాలు వచ్చి పడింది. మా ఆవిడ రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు, అమ్మాయి కదల్లేదు. అంతా నేనే చూసుకుంటానన్న మాట అలా తప్పనిసరై నిజమైంది. లుంగీ సవరించుకుని లేచి తలుపు తీశాను.

అప్పటి నుంచి రోజూ నేనే తీస్తున్నాను. ఆ వేళకు ప్రహరీ అవతల పక్కింటాయన కొళాయి నీళ్లు పట్టుకుంటూ ఉంటాడు. ఆరేళ్లుగా పక్కపక్క ఇళ్లలో ఉంటున్నా ఆయనకు కేసీ కాలువ కింద మూడెకరాలు ఉన్నాయని నాకు తెలియదు. నేను తెలుగు మాస్టారినని ఆయనకూ తెలియదు, బ్యాంకులో పనిచేస్తాననుకున్నాడట. కుక్కపిల్ల చెట్టు చుట్టూ తిరిగి, నచ్చిన చోటు వెతుక్కుని వచ్చేదాకా ఈ ఏడు వరి పెట్టాలా, మినుములు చల్లాలా అని మాట్లాడుకుంటూ నిలబడతాం.