మునిరత్నం సారు పొయ్యి

మొన్న తిరుపతిలో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర రాగిసంగటికి ప్రత్యేకంగా ఒక బల్ల వేశారు. వడ్డించే ఆయన నిమ్మకాయంత ముద్దను పళ్ళెంలో పెట్టి, మీద చెంచాడు నెయ్యి పోసి, ప్రసాదం ఇచ్చినంత భక్తిగా నా చేతికిచ్చాడు. ఆ వేడి పిండి వాసన ముక్కుకు తగలగానే నా కుడిభుజం సలపడం మొదలుపెట్టింది. భుజం పట్టుకుని నిలబడిపోతే మా ఆవిడ కంగారుపడి ఏమైందని అడిగింది. మునిరత్నం సారు గుర్తొచ్చారన్నాను. ఆ పేరు చెబితే ఆవిడ ఇక ఏమీ అడగదు, పెళ్ళయిన నాటి నుంచీ వింటోంది పాపం. మీరు వినలేదు గనుక చెబుతాను.

ఎనభైల మొదట్లో నేను తిరుపతి యూనివర్సిటీలో పరిశోధనకు చేరినప్పుడు నా కళ్ళ ముందు ఇరవైనాలుగు గంటలూ టర్బైన్లు తిరుగుతుండేవి. నాకు దొరికిన గురువు మునిరత్నం సారు మాత్రం మట్టిపొయ్యి మీద పనిచేస్తున్నారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, చొక్కా జేబుకు ఎప్పుడూ మసి. స్కూటరు వెనక పొగగొట్టాన్ని అడ్డంగా కట్టుకుని బజారులో వెళుతుంటే జనం రెండువైపులా గోడలకు అతుక్కుపోయేవారు. పక్క డిపార్టుమెంటు వాళ్ళు ఆయనకు పొయ్యి ప్రొఫెసరని పేరు పెట్టారు. ఎవరో ఆకతాయి ఆ పేరుతోనే కవరు పంపిస్తే, ఆయన పోస్టుమాన్ దగ్గర సంతకం పెట్టి మరీ తీసుకున్నారు. మొదటి రోజు ఆయన నా మార్కులు అడగలేదు.

"అన్నం వండేది వచ్చునా అప్పా?" అన్నారు.

"రాదు సార్. ఇంట్లో అమ్మ వండుతుంది."

"మంచిది. నాకూ రాదు. ఇద్దరమూ కలిసి పొయ్యి కనిపెడదాం పా."

నేను నవ్వాను. నిజానికి అప్పుడే ఏడ్చి ఉండాల్సింది.

ఊళ్ళలో ఆడవాళ్ళు పొగలో వండి వండి కళ్ళూ ఊపిరితిత్తులూ పాడుచేసుకుంటున్నారు గనుక, తక్కువ కట్టెలతో మండి, పొగనంతా గొట్టంలోంచి కప్పు పైకి పంపే పొయ్యి కావాలి. మాకు పని అది. కట్టెలు తూచి మంట పెట్టి, అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పోసి, ఎంతసేపటికి మరుగుతాయో రాసుకునేవాణ్ణి. ఆ ఏడాది నేను కాచిన నీళ్ళు కొండ మీద గుండు కొట్టించుకున్న వాళ్ళందరికీ స్నానానికి సరిపోయేవి. నా గ్రాఫులు చూస్తే నాకే ముద్దొచ్చేవి. ఇక దీన్ని ఒక ఇంట్లో పెట్టడమే తరువాయి అన్నారు సారు.

ఏర్పేడు దాటాక ఉన్న ఒక ఊళ్ళో రెడ్డెమ్మ అనే ఆమె ఒప్పుకుంది. యాభై ఏళ్ళుంటాయి. మాట మొదలుపెడితే సగంలో దగ్గు వచ్చి మిగతా సగం తినేసేది. "డాక్టరేమో పొగకాడికి పోవద్దంటాడు అయ్యోరా. మరి పొయ్యి యాడ పెట్టుకునేది, ఆయనింట్లోనా?" అంది. ఆమె ఇంట్లో ఉన్నది అత్తగారు వేసిన పొయ్యి. శుక్రవారం శుక్రవారం అలికి ముగ్గు పెట్టేది. కొత్తది కట్టాలంటే దాన్ని తీసేయాలి, వంటగదిలో ఇంకో పొయ్యికి చోటు లేదు. ఆమె గడ్డపార చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"నా మాట నమ్ము రెడ్డెమ్మా," అన్నారు సారు. "దీంట్లో నువ్వు వండుకోలేకపోతే పూచీ నాది."

ఆమె తానే పగలగొట్టింది. నేను కట్టిన పొయ్యి ఆరేదాకా, వాకిట్లో మూడు రాళ్ళు పెట్టుకుని వండుకుంది.

మొదటి వంట రోజునే రాజధాని నుంచి ముగ్గురు అధికారులు వచ్చారు. మా పని సాగాలో ఆగాలో తేల్చేది వాళ్ళే. వాళ్ళలో పెద్దాయన తెల్లటి సఫారీ వేసుకుని సరిగ్గా పొగగొట్టం పక్కనే నిలబడ్డాడు. రెడ్డెమ్మ పొయ్యికి కుంకుమ పెట్టి వెలిగించింది. గదిలోకి ఒక్క పాయ పొగ రాలేదు. పెద్దాయన తల ఊపుతూ కాగితం మీద ఏదో రాసుకున్నాడు, నేను మనసులోనే నా పేరు ముందు డాక్టరు తగిలించుకున్నాను. ఎసట్లో నూకలు ఉడికాయి. ఆమె రాగిపిండి పోసి మూతపెట్టింది. కాసేపటికి మూత తీసి, కొంగు నడుముకు బిగించి, పొయ్యి గోడకు మోకాలు ఆనించి, రెండు చేతులతో తెడ్డు పట్టుకుంది. సారు ముఖంలో రంగు మారింది. నాకింకా ఏమీ అర్థం కాలేదు.

సంగటి కెలకడమంటే కాఫీ కలపడం కాదు. ఒళ్ళంతా వంచి తెడ్డు మీద పడాలి. మొదటి తిప్పుకు పొయ్యి అంచు చిట్లింది. రెండోదానికి ముందుగోడ విడిపోయింది. మూడోదానికి కుండ పక్కకు ఒరిగి పొగగొట్టాన్ని కొట్టుకుంది. గొట్టం ఊడి, నాలుగు రోజులుగా నేను పొయ్యి ఆరడానికి వేసిన మంటల మసినంతా సఫారీ మీద గుమ్మరించింది. రెడ్డెమ్మ గుడ్డతో కుండను అందిపుచ్చుకుంది గనుక సంగటి దక్కింది.

నల్లబడిన ముఖంలోంచి కళ్ళు మాత్రం తెరిచి, ఏమిటిదని అడిగాడు పెద్దాయన. నేనే ముందుకు దూకాను.

"ఆమెకు సరిగ్గా వాడటం తెలియలేదు సార్. అంత బలంగా తిప్పకూడదు."

ఆయనకూ అదే కావాలి. వాడకంలో లోపం అని రాసేస్తే పని ఆగదు, మీకూ మాకూ ఇబ్బంది ఉండదన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. మునిరత్నం సారు అడ్డం తిరిగారు.

"అట్ల రాయొద్దు సార్. తప్పు మాది. నలభై ఏండ్లుగా సంగటి తింటా ఉండాను, ఒక్కనాడన్నా గెలకలేదు. నీళ్ళు కాంచి సూసుకుని పొయ్యి అయిపోయిందనుకున్నాను. అదే రాయండి." తర్వాత రెడ్డెమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు. "ఉన్న పొయ్యి పగలగొట్టించినాను. నన్ను మన్నించమ్మా."

ఆమె గాభరాపడింది. "ముందు తినండి అయ్యోరా, సల్లారిపోతాది," అంది. అందరం తిన్నాం. పెద్దాయన నంజుకునే ఊరుబిండి పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాడు. అయినా సారు చెప్పినట్టే రాసి, ఆరు నెలల్లో సరిచేయకపోతే మూసేయమన్నాడు.

ఆ ఆరు నెలలూ ల్యాబులో రోజూ సంగటే. నేనూ సారూ చొక్కాలు విప్పి వంతులవారీగా కెలికేవాళ్ళం. రెడ్డెమ్మ వారానికోసారి బస్సెక్కి వచ్చి మాకు పాఠం చెప్పేది. "ఏంది అయ్యోరా ఆ గెలికేది, పొయ్యికి దిష్టి తీస్తా ఉండావా?" అనేది. వెక్కిరించిన పక్క డిపార్టుమెంటు వాళ్ళు మధ్యాహ్నమయ్యేసరికి పళ్ళేలు పట్టుకుని తయారయ్యేవారు. పొయ్యి నోటికి ఇనుప కమ్మీ చుట్టాం, గోడలు మందం చేశాం, మట్టిలో వరిగడ్డి తొక్కాం. పదకొండు పొయ్యిలు పగిలాయి, నా భుజం పన్నెండోది. ఇంత జరుగుతున్నా వాకిట్లో రాళ్ళ పొయ్యి ముందు ఆమె దగ్గుతూనే ఉంది. అది తలచుకున్నప్పుడల్లా సారు కెలికే వేగం పెంచేవారు.

చివరికి ఆమె ఇంట్లో నిలిచిన పొయ్యి దగ్గర అధికారులతో సహా మళ్ళీ అందరం చేరాం. ఆమె తెడ్డు తిప్పింది. పొయ్యి కదలలేదు. ఇంకా గట్టిగా తిప్పింది. సారు పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆమె చెమట తుడుచుకుని నా వైపు చూసింది.

"ఈసారన్నా సరిగ్గా వాడినానా అబ్బోడా?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మాత్రం చచ్చిపోయాను. ఆరు నెలలు పక్కన నిలబడి పని నేర్పిన మనిషి, నా మాటను మనసులో అలాగే ఉంచుకుంది. అప్పుడే తప్పయిందమ్మా అని ఉంటే సరిపోయేది. సారు నా నోటి వైపే చూస్తున్నారు. నేను పళ్ళెం చాచాను.

ఆమె దగ్గు చాలావరకు తగ్గింది. నాకు డాక్టరేటు వచ్చింది. తర్వాత నీటి వడపోత పరికరాలూ చేతిపంపులూ ఎన్నో చేయించాను. కింద పనిచేసే ఇంజనీర్లు ఎవరైనా 'వాడేవాళ్ళకు తెలియక పాడైంది' అని రాసుకొస్తే, కాగితం తిరిగిచ్చి, ఆ ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఉండి రమ్మంటాను. అచ్చం మీ గురువుగారి పద్ధతే అంటారు నాకు తెలిసినవాళ్ళు. ఆయన పద్ధతి నాకు సగమే వచ్చింది. ముగ్గురు అధికారుల ముందు ఆయన ఒక్క క్షణంలో చెప్పిన మాటను, నేను ఆ తర్వాత రెండుసార్లు ఆ ఊరికి వెళ్ళి, ఆమె చేతి సంగటి తిని, దగ్గెలా ఉందని అడిగి, చెప్పకుండానే తిరిగొచ్చాను. మూడోసారి వెళ్ళేసరికి రెడ్డెమ్మ పోయి నెల దాటింది, ఆ పొయ్యి మీద ఆమె కోడలు వండుతోంది.