నీళ్లు పోయని రాకెట్

అటక మీది సామాను దించుతుంటే మస్తాన్ మామ ఇచ్చిన సైకిలు పంపు దొరికింది. పిడి లాగగానే ఎండిన రబ్బరు వాసన ముక్కుకు తగిలి, మనసు ధర్మవరంలోని మా చిన్ననాటి నేతగాళ్ల వీధికి పోయింది. ఈ పంపు కోసమే నా కూతురు వారం రోజులుగా చెవిలో జోరీగలా పోరుతోంది. కూల్‌డ్రింక్ సీసాకు అట్టముక్కల రెక్కలు అంటించి, ఆదివారం రాకెట్ ఎగరేస్తానని వీధి పిల్లలందరికీ మాటిచ్చేసింది. సీసాలో కాసిని నీళ్లు పోసి, బిరడాలోంచి గాలి కొడితే, నీళ్లు కిందికి చిమ్ముతూ సీసా పైకి లేస్తుంది. ఎక్కడ ఎగరేయాలన్నదే తేలడం లేదు.

చిన్నప్పుడు మాకూ అదే తంటా. తెల్లవారితే వీధి పొడుగునా పట్టు పడుగులు సాగదీసి కట్టి పోగు పోగూ సరిచూసుకునేవారు. నీటి చుక్క పడితే రంగు చెడుతుందని, మేము చెంబు పట్టుకుని అటు నడిచినా పెద్దలు గదమాయించేవారు. మగ్గం గుంటలోని చల్లటి మట్టి వాసన, ఉగాదికి అమ్మ కాల్చే ఓళిగల నేతి వాసన, మిద్దెల నిండా ఆరబోసిన వడియాలు, వాటికి కాపలా కూర్చుని కునుకు తీసే అవ్వలు, ఇన్నిటి మధ్య మా సీసాకు జానెడు చోటు లేదు.

వీధి చివర మస్తాన్ మామది పంక్చర్ల అంగడి. పాత ట్యూబు వాల్వు కోసి బిరడాలో దూర్చి మాకు రాకెట్ చేసిచ్చింది ఆయనే. "ఈడ ఎగరేస్తే మీ నాయన నా తోలు వలుస్తాడు. చెరువులోకి పోదాం రాండి" అన్నాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులో చుక్క లేదు, బీటలువారిన నేల అరికాళ్లకు గుచ్చుకునేది, అయినా అంత ఖాళీ చోటు చూసి మేము గంతులేశాం. ట్యాంకరు దగ్గర తోసుకుని పట్టిన బిందెడు నీళ్లు మామ సైకిలుకు కట్టుకొచ్చాడు. చెరువు నడుమ పక్క పల్లె ఆడవాళ్లు కొందరు చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకుంటున్నారు. వాళ్లలో ఒకామె మా బిందె చూసింది.

"ఏమప్పా, ఆ నీళ్లు యాడికి?"

"పిల్లోల్ల ఆటకక్కా" అన్నాడు మామ, గొంతు తగ్గించి. "పైకి చిమ్ముతాది."

"పైకా?" అని ఆమె ఆకాశం వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

మామ మా వైపు చూడకుండా బిందె విప్పి ఆమె కడవలో ఒంపేశాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం ఆయన మీదో, ఆమె మీదో తెలియలేదు. మమ్మల్ని ఉత్తగా వెనక్కి తీసుకుపోలేక ఆయన ఖాళీ సీసాకే గాలి కొట్టాడు. టప్పుమని తుమ్మచెట్టు ఎత్తు కూడా లేవకుండా పక్కకు ఒరిగి నేల మీద దొర్లింది. ఆ ఆడవాళ్లు మాత్రం పని ఆపి, తలలెత్తి చూశారు.

"వానొచ్చినాక మళ్లా తీసుకురాండి. మేమూ సూస్తాం" అన్నదామె.

మరుసటి ఏడు వాన పడింది. మామ సైకిలు మీద ఆ పల్లెకు పోయి వచ్చాడు. సగం ఇళ్లకు తాళాలున్నాయట, అందరూ బెంగళూరుకు కూలికి పోయారట. ఆయన రాకెట్ ఊసు మళ్లీ ఎత్తలేదు. అంగడి ఎత్తేసేటప్పుడు పంపు నాకిచ్చాడు.

ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని ఊరి చుట్టూ చోటు వెతికాను. శనక్కాయ చేలన్నీ రాళ్లు పాతిన ప్లాట్లయ్యాయి. కంచె వెనక సోలారు పలకలు. "పలక మీద పడితే నా పని పోతాదన్నా" అని కాపలా మనిషి బతిమాలాడు. చివరికి అప్పటి ఆ ధర్మవరం చెరువు కట్టకే పోయాం. కాలువ నీళ్లొచ్చి చెరువు నిండుగా ఉంది. నా కూతురు అక్కడే ముంచుకుని సీసాలో నీళ్లు పోసింది.

మామ పంపుతో గాలి కొట్టాను. సీసా జల్లు చిమ్ముతూ, నా జన్మలో మొదటిసారి, నిజంగా ఆకాశంలోకి లేచి నీళ్ల నడుమ ఎక్కడో పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఆ చెలమ ఏ వైపు ఉండేదా అని చూస్తున్నాను.

"ఎవరికోసం చూస్తాండావు నాన్నా?" అంది నా కూతురు.

చెప్పడానికి, వానొచ్చినాక రమ్మన్న ఆ పల్లె ఆమె పేరు కూడా నాకు తెలియదు.