నీళ్ళ కింద గోడ

మా ఇళ్ళలో గోడ అంటే అన్నం. తాతలు తెలుగు పల్లెలు వదిలి ఈ మహానగరానికి రాళ్ళు మోయడానికి వచ్చారు, మా నాన్న ప్లాస్టరు చేశాడు, నేను ఎత్తైన బిల్డింగులకు బయటివైపు తాడు మీద వేలాడుతూ పగుళ్ళు పూడుస్తాను, రంగులు వేస్తాను. తాడుకు కట్టిన చెక్కపీటను ఝూలా అంటాం. పేరుకే ఉయ్యాల గాని సరదా ఏమీ లేదు.

మాకో పద్ధతి ఉంది. టెర్రస్ మీంచి దిగే ముందు ఒక చేత్తో గోడను తాకి కళ్ళకద్దుకుంటాం. తర్వాత వేలి కణుపులతో తట్టి చూస్తాం, లోపల బోలుగా ఉందేమోనని. పని పూర్తయి ఆ బిల్డింగును వదిలేసే రోజు మాత్రం రెండు చేతులూ ఆనించి మొక్కుతాం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

నిరుడు వానలు వెలిసినప్పటి నుంచి కిందికి చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు చెవులూ గుండే చూసి, ఏమీ లేదు, భయం అన్నాడు. కుర్రతనంలో రాని భయం యాభై దగ్గర పడ్డాక వస్తుందా అని నవ్వాను. నవ్వొచ్చి కాదు. తాడు పని తప్ప నాకు మరో పని రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నా కూతురు అండమాన్‌లో ఉంటుంది. కామాటిపురా చాల్‌లో, వరస గదుల ఇరుకులో పుట్టిన పిల్ల, ఇప్పుడు టూరిస్టులను సముద్రం లోపలికి తీసుకెళ్ళి చూపిస్తుంది. "నాయినా, ఒక్కసారి రా. నా గోడ చూపిస్త" అని ఫోను చేసినప్పుడల్లా ఒకటే పోరు. పని లేని రోజులు చూసుకుని వెళ్ళాను. రైలు, ఓడ, మళ్ళీ పడవ. దిగేసరికి ఒళ్ళు చెరుకుపిప్పి అయింది. గోడ చూడ్డానికి ఇంత దూరం రావాలా అని లోపల్లోపలే సణుక్కున్నాను.

ఛాతీ లోతు నీళ్ళలో నిలబెట్టి నోటితో ఊపిరి తీయడం నేర్పింది. అది కుదిరాక ఒక పొద్దున వీపుకు గాలి సిలిండరు కట్టి, నా మణికట్టు పట్టుకుని, లంగరు తాడు వెంట మెల్లగా దింపింది. పగడాల నేల కొంత దూరం సాగి, ఒక్కసారిగా తెగి నిట్టనిలువుగా కిందికి దిగిపోయింది. గోడే. దాని నిండా ఊదారంగు విసనకర్రల్లాంటివి ఊగుతున్నాయి, పసుపు చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. కిందికి చూశాను. అడుగు లేదు, ఉత్త నీలం. కళ్ళు తిరుగుతాయని బిగబట్టుకుని ఉన్నాను. తిరగలేదు. కాళ్ళ కింద ఏమీ లేకపోయినా పడకపోవడం ఎంత హాయో! ఏడుపొచ్చింది. కళ్ళకు కట్టిన అద్దం లోపల ఏడిస్తే తుడుచుకునే వీలు కూడా లేదు.

అప్పుడు నా చెయ్యి తనంతట తానే వెళ్ళి గోడను తాకింది. కళ్ళకద్దుకోబోతే అద్దం తగిలింది. సరేలెమ్మని కణుపులతో తట్టబోయాను. పిల్ల వెనక్కి లాగేసింది. అప్పటికే అరచెయ్యి భగ్గుమంటోంది.

"చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిన్నే నాయినా? అది గోడ కాదు, జిందా ఉన్నది, పానమున్నది," అంటూ పైకొచ్చాక పడవలో అరచేతి మీద వెనిగర్ పోసింది.

"బోలుగున్నదేమో చూద్దామని, బిడ్డా."

కోపంలోనూ నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది. "కిందికి చూస్తె చక్కర్ వచ్చిందా?"

వాళ్ళమ్మ చెప్పిందట. బల్బు మార్చడానికి స్టూలెక్కి నేను గడగడలాడటం ఎప్పుడో చూసిందట.

"రాలే. తగ్గిపోయింది. పోంగనే తాడెక్కుత," అన్నాను.

"ఈడ నిన్ను నీళ్ళు పట్టుకున్నయ్ నాయినా. ఆడ ఎవరు పట్టుకుంటరు?"

మొహం అటు తిప్పుకున్నాను. కోపమే వచ్చింది, నిజం చెప్పినందుకు.

తిరిగొచ్చాక వర్లిలో మేము రంగులేస్తూ మధ్యలో ఆపిన బిల్డింగు టెర్రస్ ఎక్కాను. నడుముకు పట్టీ బిగించి కిందికి చూశాను. కింద ఆపిన కార్లన్నీ గిర్రున తిరుగుతూ పైకొచ్చాయి. ఆగుతాయేమోనని పిట్టగోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆగలేదు. ఇన్నేళ్ళ అలసటా ఆ ఒక్క పొద్దునే వచ్చి మీద పడ్డట్టయింది. అరచేతిలో పగడం కాల్చిన మచ్చ ఇంకా దురద పెడుతోంది. వంగి గోడ మీద చేతులు ఆనించి, కళ్ళకద్దుకున్నాను.

పక్క తాడు మీద దిగబోతున్న మా వాడ కుర్రాడు ఆగాడు. "గదేందన్నా, రెండు చేతులు? బిల్డింగ్ ఇంక సగం గూడ కాలే గదా."

"బిల్డింగ్‌కు కాలే తమ్మీ. నాకైంది," అని పట్టీ విప్పి అతని చేతిలో పెట్టాను.