సలోమి పెట్టిన మెట్ల మీటింగు

మా చిన్నప్పుడు... కె.ఆర్.పురంలో మా వీధికంతటికీ ఒకటే కొళాయి. ఎత్తైన రాతి దిమ్మె మీద ఉండేది. నీళ్లు వచ్చేది తెల్లారి కాసేపే. బిందెలు బారులు తీరేవి, జుట్లు చేతికొచ్చేవి... ఆ పోట్లాటలు చూడ్డానికే నేను పెందలాడే లేచేవాణ్ణి.

మా ఎదురింటి సలోమిది నా ఈడే. పోలియోతో కాళ్లు పనిచేయవు. చేత్తో పెడల్ తిప్పే మూడు చక్రాల బండిలో తిరిగేది. నోరు మాత్రం... అబ్బో! నేను అప్పటికే బడి మానేసి పంక్చర్ షాపులో చేరాను. నాకు కోపం తెప్పించినవాళ్ల సైకిళ్లకు గాలి తీసేవాణ్ణి. ఆ సంగతి తెలిసింది సలోమికొక్కదానికే.

ఆ దిమ్మె ఆమెకు అందేది కాదు. ఆమె బిందె ఎవరో ఒకరు పట్టి ఇచ్చేవారు. మంచివాళ్లే... కానీ తమవన్నీ నిండాక. అప్పటికి కొళాయి బుస్సుమనేది. ఆ సగం బిందెతోనే వాళ్లమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్లేలోపు వంటా, స్నానాలూ కావాలి.

కొత్త కొళాయి వేస్తారని తెలిసి వీధి సంఘంవాళ్లు మీటింగు పెట్టారు. కిరాణా కొట్టు పైన గది... ఇరుకు మెట్లు. సలోమి బండి వచ్చి ఆ మెట్ల దగ్గర ఆగింది.

ప్రెసిడెంట్ మునిస్వామప్ప పైనుంచి తొంగిచూశాడు. "నువ్వెందుకమ్మా వచ్చినావు? నీ బిందె మేము పట్టిస్తాం గదా."

"పట్టించద్దు. నేనే పట్టుకుంటా. నాకు అందేలాగ కొళాయి పెట్టండి. ఆ మాట చెప్పాలనే వచ్చినా."

"సరే, పిల్లోళ్లు ఎత్తుకొస్తారు. పైకి రా."

నేను చొక్కా చేతులు మడిచి ముందుకెళ్లాను.

"ముట్టుకున్నావంటే కొరుకుతా! నేనేమన్నా రాగుల మూటనా? మీటింగే కిందికి రానీ."

పైన అందరూ గొల్లున నవ్వారు. మీటింగు ఆమె లేకుండానే మొదలైంది.

ఏడుస్తుందేమో అనుకున్నాను... ఏడవలేదు. బండిని తిప్పి మెట్లకు అడ్డంగా పెట్టింది. నావైపు చూసి మెల్లగా అంది, "ఒరే గిరీ, నీకు బాగా వచ్చిన పని ఒకటి ఉండాది గదా... కానియ్."

మూడు చక్రాలకూ గాలి తీసేశాను. ఆమె చెబితేనే లెండి!

కాసేపటికి పెద్దలు దిగారు. దారి లేదు.

"బండి తియ్యమ్మా," అన్నాడు ప్రెసిడెంట్.

"గాలి లేదప్పా."

"రేయ్, ఎత్తి పక్కన పెట్టండ్రా."

"నన్ను అడక్కుండా నా బండి ముట్టద్దు. మెట్ల మీద చోటుండాది, సుమ్నే, గమ్మున కూర్చోండి. నా మాట విని పోండి."

గొణుక్కుంటూనే కూర్చున్నారు... ఒకరి వెనక ఒకరు, సినిమా హాల్లో మాదిరి. కింద సలోమి.

"మీవన్నీ నిండినాక మిగిలిందే మాకు. మా ఇంటికి చాలడంలేదు. నాకు దయ వద్దు, వరసలో చోటు కావాల."

"నీ ఒక్కదానికోసం కొళాయి దించితే అందరూ వంగద్దా?" అన్నాడు ప్రెసిడెంట్.

"రెండు పెట్టండి. పైన ఒకటి, కింద ఒకటి. పైపు ఒకటే గదా!"

కొట్లో బెల్లం కొంటున్న అంజనమ్మవ్వ బయటికొచ్చింది. "నాకూ కిందదే కావాలప్పా. మోకాళ్లు పోయి ఆ దిమ్మె ఎక్కలేకుండా ఉండాను. అడగను సిగ్గయి ఊరుకున్నా."

మునిస్వామప్ప గడ్డం గోక్కున్నాడు... "సరే. రెండు పెట్టిద్దాం."

కింది కొళాయి వచ్చిన రోజు "నువ్వు ముందు పట్టుకోమ్మా" అన్నారెవరో. "నా వరస రానీ" అంది సలోమి. మధ్యలో దూరబోయిన నన్ను మాత్రం "వెనక్కి పోరా!" అని తరిమింది.

ఆ తర్వాత అంత దూరం మడివాళ దాకా తిరిగి, తనలాంటివాళ్లను కూడగట్టి సంఘం పెట్టింది. బస్సు మెట్లు, ఆఫీసు మెట్లు, ఓటు వేసే బడి మెట్లు... దేన్నీ వదల్లేదు. ఇప్పుడు మునిస్వామప్ప కొడుకు కూడా ఆమెను "ప్రెసిడెంట్ మేడమ్" అంటాడు. నేను మాత్రం "ఏమే" అనే అంటాను. ధైర్యం కాదు, అలవాటు...

ఇప్పుడు ఇంటింటికీ నీళ్లు. కొళాయి ఉన్నచోట అపార్ట్‌మెంట్ గేటు. వీధి కష్టం మాట్లాడదామంటే ఫోన్లో గ్రూపుంది... అందులో అన్నీ గుడ్ మార్నింగ్ బొమ్మలే. ఎదురెదురుగా కూర్చుని పోట్లాడి, ఒప్పుకుని, ఇళ్లకు పోయే రోజులు ఎటుపోయాయో.

మీ వీధిలో "నా సంగతి నేనే మాట్లాడతా" అని ముందుకొచ్చింది ఎవరు? పేరుతో సహా కింద రాయండి. జాలి పడుతూ మాత్రం రాయకండి... సలోమి ఈ పోస్టు చదువుతుంది, కామెంట్లలోనే కడిగేస్తుంది!