తలుపు మీద సుద్దగీత

అచ్చులో పడ్డ ప్రతి మాటా రేపో మాపో మన గుమ్మంలోకి వచ్చి నిలబడుతుందని నమ్మిన రోజులవి. ఖిదిర్‌పూర్ రేవు పక్కన, లైన్లనే డాక్ కూలీల వరస ఇళ్లలో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. ఉబ్బసం వల్ల బడికి పంపలేదు. క్రేన్ దగ్గర పనిచేసే నాన్న డ్యూటీ దిగి వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుని, నాకు తెలుగు దిద్దించేవాడు. (ఈ నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే. దీపం పెట్టినప్పుడల్లా తలుచుకుంటాను.) ఒకసారి ఎక్కడినుంచో ఒక బొమ్మల పుస్తకం తెచ్చి ఇచ్చాడు. పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి పరాయి దేశం చేరిన ఒక కుటుంబం కథ అది. రేవులో దిగగానే తెల్లకోటు డాక్టరు అందరి కనురెప్పలూ ఎత్తి చూస్తాడు. ఆ ఇంటి ముసలమ్మకి చూపు ఆనదు. ఆమె శాలువా మీద సుద్దతో గీత గీస్తాడు. గీత పడ్డవాళ్లను వెనక్కి పంపేస్తారు. ముసలమ్మ ఒక్కతే ఓడ మెట్లెక్కుతున్న బొమ్మ దగ్గర ఆగిపోయాను. పేజీ తిప్పే ధైర్యం లేక పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచేశాను.

ఎందుకంటే మా మామ్మకీ చూపు ఆనదు. మేమూ శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లమే, ఉండేదీ రేవు పక్కనే. ఇన్నాళ్లూ మమ్మల్నెవరూ పరీక్ష చేయకపోవడం ఏదో పొరపాటే అయ్యుంటుందని, ఆ పొరపాటు ఎవరికీ గుర్తురాకుండా చూడమని సింహాద్రి అప్పన్నకి రోజూ దండం పెట్టుకునేదాన్ని.

ఒకనాటి పొద్దున్న ఆ పొరపాటు ఎవరికో గుర్తొచ్చేసింది. అమ్మ కుళాయి దగ్గరుంది. తెల్లకోట్లు ఇద్దరు లైన్లోకి వచ్చారు. ఒకావిడ టార్చి వెలిగించి, "ఠాకుమా, చోఖ్‌టా ఏక్‌టు దేఖి," అవ్వా, ఏదీ కళ్లు చూడనీ అంటూ మామ్మ కనురెప్ప పైకెత్తింది. నేను కర్టెన్ వెనక నక్కి చూస్తున్నాను. రెండో ఆయన జేబులోంచి సుద్ద తీసి మా తలుపు మీద ఇంత పొడుగు గీత గీశాడు. రేపు బండి వస్తుంది, సిద్ధంగా ఉండమని చెప్పి పక్కింటికి వెళ్లారు. మామ్మ ఏడవలేదు. చీరలు రెండు మడతపెట్టి మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

"మామ్మా, ఎల్లిపోతావేటి?"

"ఎల్లాల కదేటే గుంటా. ఎన్నాళ్లని ఇలాగుంటాను?"

ఆ ధైర్యం చూసి, రేపు నిజంగానే ఓడెక్కేస్తుందనుకున్నాను. (మేం వచ్చింది ఓడ మీద కాదు, రైలు మీదన్న సంగతి అప్పుడు బుర్రకు తట్టనే లేదు.)

మధ్యాహ్నం లైనంతా కునుకు తీస్తుంటే తడిగుడ్డ పట్టుకుని బయల్దేరాను. మా గీత తుడిచాను. మిగతా ముసలమ్మల గతి తలుచుకుంటే దుఃఖం వచ్చి ఇంకో నాలుగు తలుపులూ తుడిచాను. గీత ఒక్కటీ లేకపోతే అనుమానం వస్తుందనిపించింది. నాన్న ఇచ్చిన సుద్దముక్కతో, రోజూ నన్ను "ఒసే దగ్గులమారీ" అని ఏడిపించే మేస్త్రీ మావ తలుపు మీద ఒక గీత గీశాను. (ఆ పాపానికి ఇప్పటికీ లెంపలేసుకుంటున్నాను.)

మర్నాడు బండి వచ్చింది. తలుపు మీద గీతలున్న వాళ్లను ఎక్కించమని మాత్రమే చెప్పారట డ్రైవరుకి. అతను తిన్నగా వెళ్లి మేస్త్రీ మావ చెయ్యి పట్టుకున్నాడు. "చలున్ దాదా, అపరేషన్!"

"నాకేటయ్యా అపరేషను! ఆ సివర క్రేను నెంబరు సదవమంటావేటి, సదివీగల్ను!"

"సబాయ్ తాయ్ బలే," అన్నాడు డ్రైవరు, అందరూ అలాగే అంటారని, రెక్క పుచ్చుకుని లాగుతూ. ఇవతల మామ్మతో కలిపి ఐదుగురు ముసలమ్మలు మూటలతో లేచి, "మమ్మల్నొగ్గీసి ఆడ్నెందుకు బాబూ?" అని గోల. గీతలేవని అడిగితే ఎవరికీ తెలియదు. బండి వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదని అమ్మ డ్రైవరును బతిమాలుతోంది. అప్పుడు నేను భోరుమన్నాను. "మామ్మని ఓడెక్కించొద్దు!"

అది ఉచితంగా శుక్లాలు తీసే కంటి ఆస్పత్రి బండి. నా గీతల సంగతి బయటపడ్డాక లైనంతా నవ్వింది, మేస్త్రీ మావ తప్ప. ఐదుగురూ బండెక్కారు. దేవుడి దయవల్ల మామ్మకి చూపొచ్చింది. ఆ టార్చి ఆవిడ పేరైనా నాకు తెలియదుగానీ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కట్టు విప్పిన నాలుగు రోజులకి మామ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎందుకలా చేశావని అడిగింది. చెప్పాను. విని నా జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

"గీత పడితే నిజింగా పంపించీవోరేటే?"

"ఊఁ."

"మనూరికే?"

"ఊఁ."

"మరెందుకు సెరిపీసినావే, గుంటా," అంది.

ఇప్పుడు ఆదివారాలు మా లైను పిల్లలకి అటువంటి వలస కథలే చదివి వినిపిస్తుంటాను. పేజీ తిప్పడానికి భయపడే పిల్ల ఒకర్తైనా ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా, తడిగుడ్డతో తలుపు తలుపుకీ పరిగెత్తిన ఆ తొమ్మిదేళ్ల గుంట గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఐదుగురిని కాపాడేశాననుకుంది పాపం. మీకు ఉండాలనుందా, వెళ్లాలనుందా అని ఒక్కరినీ అడగలేదు.