రెండు చేతుల చీర

ధర్మవరంలో మగ్గాల వీధిలో పుట్టినవాడికి గోడ అవతల ఎవరు నేస్తున్నారో తొంగిచూడవలసిన పని ఉండదు. అడ్డపోగును మోసే నాడె నిలువుపోగుల పడుగును దాటిన వెంటనే, అది విడిచిపోయిన పేకపోగును బిగించడానికి దువ్వెనలాంటి పన్నెను ముందుకు లాగి కొడతారు. ఆ దెబ్బ చప్పుడే మనిషి ఎవరో చెప్పేస్తుంది. ఒకరిది రోకటిపోటు. ఒకరిది గాలికి తలుపు పడిన చప్పుడు. గంగప్ప దెబ్బ మాత్రం వీధి మొదటికే వినబడేది.

"గంగప్ప మగ్గమెక్కితే మా ఇంట్లో ఉట్టి ఊగుతాది" అని ఎదురింటి వెంకటక్క ఊరంతా చెప్పుకొని నవ్వేది. గంగప్పకు అది ఎగతాళిగా తోచేది కాదు, బిరుదుగా తోచేది. తాను నేసిన పట్టులో సూది దిగడానికి కూడా సందు వెదుక్కోవాలని ఆయన నమ్మకం.

ఆయనకు ఒక్కడే కొడుకు, ఓబుళప్ప. వాడి దెబ్బ వినబడీ వినబడకుండా ఉండేది.

"ఏంరా, బట్ట నేస్తాండావా, దోమలు తోలుతాండావా?" అని తండ్రి గదిమేవాడు.

"నీ మాదిరి కొడితే పట్టుకు నొప్పి కాదా నాయనా?" అని కొడుకు నవ్వేవాడు.

ఇక్కడ నేతవారి పద్ధతి ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. ఒకరు మొదలుపెట్టిన చీరను మరొకరు ముగించరు. చెయ్యి మారిన చోట బట్టకు అడ్డంగా సన్నని గీత పడుతుంది. కట్టుకున్నవారికి అది కనబడకపోవచ్చును గాని, నేతగాడి కంటికి నుదుటిమీది గాయపుమచ్చలాగా తగులుతుంది. అటువంటిదాన్ని 'రెండు చేతుల చీర' అని తీసిపారేస్తారు. జ్వరం వచ్చి మనిషి పడుకున్నా సరే, మగ్గం అతని కోసం ఆగి ఉండవలసిందే.

ఆ ఇంట్లో రెండు మగ్గాలుండేవి. లోపలి మగ్గంమీద ఓబుళప్ప తన తల్లి వెంకటసుబ్బమ్మకు చీర నేస్తున్నాడు. హిందూపురం బెల్లం వర్తకుల ఇండ్లలో పెండ్లిపీటల మీదికి ఈ వీధి పట్టే వెళ్లేది. దాన్ని నేసే ఇంటి ఆడవారు మాత్రం నూలుచీరలతోనే జీవితం గడిపేవారు. ఎందుకని అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు. ఓబుళప్పకు ఆ సంగతి మనసుకు పట్టింది. కుంకుమరంగు ఒళ్లు, ఆకుపచ్చ అంచు. ఒంటిమీద ఒక్క బుటా కూడా లేకుండా సాదాగా నేయాలని అనుకున్నాడు. సగం దాకా నేశాడు కూడా.

పందొమ్మిదివందల నలభైఒకటి, ఎండకాలం. ఏదో చికాకులో ఉన్న గంగప్ప ఆ చీరను వేళ్లతో నొక్కి చూసి, "ఈ చెయ్యి మగ్గానికి పనికొచ్చే చెయ్యి కాదు" అన్నాడు. ఓబుళప్ప నవ్వలేదు. మరునాడు హిందూపురం వెళ్లి వస్తానని రైలెక్కాడు. అక్కడ సైన్యంలోకి మనుషులను చేర్చుకొంటున్నారని తల్లిదండ్రులకు తెలిసేసరికి కొడుకు బెంగుళూరు చేరి, వంతెనలు కట్టే దళంలో సాపరు అయిపోయాడు.

వెంకటసుబ్బమ్మ ఆ సగం చీరమీద తన పాత నూలుచీర ఒకటి కప్పింది.

"ఏమబ్బా గంగప్పా, మగ్గానికి ముసుగేసినావు! పెండ్లికూతురా ఏంది?" అన్నాడు పక్కింటి ఈరన్న.

"దాని మొగుడు యుద్ధానికి పోయినాడులే. వచ్చినాక తీస్తాడు" అన్నాడు గంగప్ప.

మూడేండ్లకు కబురు వచ్చింది: ఇటలీ దేశంలో ఓబుళప్ప చూపిన ధైర్యానికి ప్రభుత్వం పతకం ఇచ్చిందని. వీధిలో చక్కెర పంచారు. "నాడె పట్టను చేతగానోనికి పతకమెట్ల ఇచ్చిరబ్బా?" అంటూ గంగప్ప ఆ సాయంకాలం ఇల్లిల్లూ తిరిగాడు. ఆ మాటను వినిపించని గడప ఆ వీధిలో లేదు.

ఆ ఏడాది వానలు వెనుకబట్టిన తరువాత తంతి వచ్చింది. దాన్ని చదివిపెట్టిన పోస్టుమాను రెండోసారి చదవమంటే చదవలేకపోయాడు. ఏదో నదిమీద వంతెన కడుతుండగా శత్రువుల గుండ్లు తగిలి ఓబుళప్ప మరణించాడు. అక్కడే పూడ్చిపెట్టారు. ఆ దినం వీధిలో ఏ మగ్గమూ పలకలేదు.

ఆ నేత ఇండ్లవారిలో పోయినవారిని కాల్చరు, మట్టి ఇస్తారు. ఏటేటా ఆ మట్టి దగ్గరికి వెళ్లి దీపం పెట్టి, అరచేత్తో తడిమి, కాసేపు మాట్లాడి వస్తారు. వెంకటసుబ్బమ్మకు తడమడానికి మట్టి లేకపోయింది. ఆమె పొద్దున లేవగానే లోపలి మగ్గం దగ్గరికి వెళ్లి, ముసుగు కిందికి చెయ్యి దూర్చి, కొడుకు నేసినంత మేర నిమిరి వచ్చేది. గంగప్ప చూసీ చూడనట్లు ఉండేవాడు.

మరుసటి ఏడు పతకం తీసుకోవడానికి పెనుకొండ రమ్మని పిలుపు వచ్చింది. ఏనాటి రాజులో ఏలిన ఊరు. వారి కోటగోడలు కొండమీద ఒరిగి ఉండగా, కింద షామియానాలో దొరగారు కూర్చున్నారు. ప్రభుత్వంవారి తెలుగు గుమాస్తా ఒకరు గొంతు సవరించుకొని చదివారు.

"...శత్రువులు పాతిపెట్టిన మందుపాతరలను, ఇనుము తగిలిన పేలునని యెంచి, ఉత్త వ్రేళ్లతో మన్ను తొలగించి, మిక్కిలి తేలికయైన చేతితో ఒక్కొక్కదానిని వెలికిదీసి, వెనుక వచ్చు దళమునకు దారి యేర్పరచెను."

చదువుకున్నవారు ఆ భాషలోని బిగువును మెచ్చుకొని తలలూపారు. గంగప్ప చెవిలో మాత్రం రెండే రెండు మాటలు నిలిచిపోయాయి. పతకం పెట్టె చేతికిచ్చినప్పుడు ఎలా దండం పెట్టాడో, ఏ మెట్లు దిగాడో ఆయనకు గుర్తు లేదు.

పెనుకొండ స్టేషనులో రైలు కోసం కూర్చున్నప్పుడు వెంకటసుబ్బమ్మ అడిగింది.

"తేలికయిన చెయ్యి అని చదివినారు. వింటివా, ఓబుళప్ప నాయనా?"

"వింటి."

ఆమె మొగుణ్ణి ఎప్పుడూ 'ఓబుళప్ప నాయనా' అనే పిలిచేది. కొడుకు పోయిన తరువాత కూడా ఆ పిలుపు మార్చుకోలేదు.

"నాకు ఆ చీర కట్టుకోవల్లని ఉండాది. ఒక్కసారి. నువ్వు ముగించు."

"రెండు చేతులయితే గీత పడతాది కదే!"

"గీత పడకుండా నెయ్యి. వాని మాదిరి నెయ్యి."

గంగప్ప లోపలి మగ్గం ముసుగు తీశాడు. ఎంత కప్పినా ఇన్నేండ్ల దుమ్ము ఊరుకుంటుందా? నేత ఆగిన చోట చివరి పోగులు కొన్ని మాసి నల్లబడ్డాయి. మాసిన పోగుమీద కొత్తపోగు పడితే అక్కడే గీత కనబడుతుంది గనుక, వాటిని ఒక్కొక్కటిగా ఊడదీసి, ఉండచుట్టి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి విసిరేశాడు. తరువాత పన్నె లాగి కొట్టాడు. ఒక్క దెబ్బకే తెలిసింది, ఇది తన దెబ్బ. ఆ పోగును కూడా తీసేశాడు.

నాటినుంచి బయటి మగ్గంమీద తేలికగా కొట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. జీవితమంతా బరువుకు అలవాటుపడిన భుజం మాట వినలేదు. కాసేపు తగ్గేది, ఏమరిస్తే మళ్లీ మోగేది. "ఏమప్పా, జ్వరమా? చప్పుడే లేదు" అని ఈరన్న వచ్చి చూసిపోయేవాడు. ఆ దెబ్బ కోసం గంగప్ప తన జ్ఞాపకంలో వెదికాడు. కొడుకు కూర్చునే తీరు, కొంచెం ఎడమకు వంగే మెడ, పన్నెను గుప్పిటితో కాక వేళ్లతో పట్టుకోవడం. తాను తిట్టిన ప్రతి తప్పునూ ఒకటొకటిగా వెనక్కి తెచ్చుకొని తన ఒంటికి నేర్పాడు.

ఒకనాటి ఉదయం లోపలి మగ్గంమీద ఆయన నేస్తుండగా వీధిలో బిందె పడిన చప్పుడైంది. వెంకటక్క తడిసిన చీరతోనే ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"సుబ్బమ్మా! పిల్లోడు వచ్చినాడేమే! తంతి తప్పా? వాని దెబ్బ ఇనపడతాంది..."

మగ్గంలో ఉన్న గంగప్పను చూసి ఆమె అక్కడే నిలబడిపోయింది. వెంకటసుబ్బమ్మ ఆమె చెయ్యి పట్టుకొంది. ఇద్దరూ గోడకానుకొని కూర్చున్నారు. "ఆపొద్దన్నా, నెయ్యి" అంది వెంకటక్క. గంగప్ప ఆపలేదు.

చీర ముగిసింది. కోసి, మడత విప్పి, ఆయన దాన్ని వాకిట్లో వెలుతురుకు అడ్డంగా పట్టాడు. ఈరన్న వచ్చి మునివేళ్లతో తడిమాడు, కండ్లు చికిలించి చూశాడు, ఓడిపోయి తల తిప్పాడు. గంగప్ప ముఖంలో ఎన్నాళ్లకో ఒక వెలుగు వచ్చింది.

"సూడే సుబ్బీ! యాడన్నా గీత ఉండాదా? కనుక్కో సూద్దాం!"

వెంకటసుబ్బమ్మ చీరను ఒడిలోకి తీసుకొని ఒక కొసనుంచి మెల్లగా నిమురుతూ పోయింది. కొంతదూరం పోయి చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు పోయింది.

"నా బిడ్డ నేసింది యాడి దాకా, ఓబుళప్ప నాయనా?"

గంగప్ప వంగి చూశాడు. అంచును మూరతో కొలిచాడు. ఇక్కడ కావచ్చును, కాదేమో, ఇంకొంచెం అవతల కావచ్చును. ఆమె ప్రతిదినమూ ముసుగు కింద తడిమిన చోటు ఏదో ఆయనకు తెలియలేదు. ఆ చోటును మాపడానికే ఇన్ని నెలలు కష్టపడ్డాడు.

"తెలీదే" అన్నాడు.

ఆమె ఏడవలేదు. "వాని మాదిరి నెయ్యమంటిని కదా, నేసినావు" అని మాత్రం అంది. ఆయన తప్పేమీ లేదన్నట్లుగా అంది. దాన్ని విన్న తరువాత గంగప్ప అక్కడ నిలువలేకపోయాడు. లోపలికి వెళ్లాడు.

చాలాసేపు రాకపోయేసరికి ఈరన్న వెళ్లి చూశాడు. గంగప్ప మగ్గం గుంటలోకి దిగి, మోకాళ్లమీద కూర్చొని, అడుగున పేరుకొన్న నూగునూ పోగుల తుంపులనూ వేళ్లతో తొలగిస్తున్నాడు. గట్టిగా కదిపితే ఏమవుతుందోనన్నంత మెల్లగా తీస్తున్నాడు.

"ఏమబ్బా, ఏం ఎతుకుతాండావు?"

గంగప్ప ఇంకో గుప్పెడు నూగును పక్కకు తీశాడు. పొద్దు వాలేవేళకు పైకి వచ్చాడు. అరచేతిలో మాసి నల్లబడిన కుంకుమరంగు పోగుల ఉండ ఒకటి ఉంది. భార్య ముందు చెయ్యి చాపాడు.

"ఇవి వానివి. ఇవి మాత్రం వానివేనే."

వెంకటసుబ్బమ్మ ఆ పోగులను నూలుచీర కొంగున పెట్టి ముడి వేసుకొంది. పట్టుచీరను మడిచి, పతకం పెట్టెతోపాటు అటకమీద పెట్టమని మొగుడికి ఇచ్చింది.